'అలం' అనగా చాలు: చిన్న గృహానికి అలంకారం

అనంతపురం పీఠభూమిలో నీటికున్న విలువ ఊళ్ళ పేర్లలోనే తెలుస్తుంది. బుక్కపట్నం పొరుగున ఉన్న కొత్తచెరువు తన పేరును కోట నుండి గానీ, ఏలిన ప్రభువు నుండి గానీ గ్రహించలేదు. చెరువు నుండి గ్రహించినది. పడమటి కనుమల చాటున ఉన్న ఈ సీమకు నైరుతి మేఘం చేరేసరికి బలం కోల్పోతుంది. తూర్పు తీరం నుండి వచ్చే ఈశాన్య మేఘం కూడ దారిలోనే చాలవరకు కురిసిపోతుంది. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే. ఉన్నంతలో జీవించే విద్యను ప్రకృతి ఈ ప్రజలకు నిర్బంధంగా నేర్పినది. వారి పూర్వపు గృహాలు ఆ విద్యకు సాక్ష్యాలు.

రాతిగోడలు, మొద్దు దూలాలు, వాటిపై చవుడు మన్ను పరచిన మిద్దె, వెలుతురు దిగడానికి పైకప్పులో గవాచి, దీపం కోసం గోడలోనే చిన్న గూడు, బాటసారి కూర్చోవడానికి వీధి వైపు అరుగు. ఎండలు 40 డిగ్రీలు దాటిన దినాలలో సైతం ఆ మందపు గోడల నడుమ చల్లదనం నిలిచేది. అలంకారమంటే గోడకు సున్నం, గడపకు పసుపు కుంకుమలు, వాకిట ముగ్గు, పర్వదినాన మామిడి తోరణం. ప్రతి అలంకారానికీ ఒక ప్రయోజనమో, ఒక వ్రతమో ముడిపడి ఉండేది.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. ఈ పరిసరాలలో మిద్దెలు తగ్గుతున్నవి, బహుళ అంతస్తుల నివాసాలు పెరుగుతున్నవి. రెండు పడకగదుల ఫ్లాటులో కాలు పెట్టిన దంపతులకు అలంకార విద్య ఇప్పుడు చేతిలోని ఫోను ద్వారా వస్తున్నది. ఫాల్స్ సీలింగు, దాని అంచున దాగిన ఎల్‌ఈడీ వెలుగు, టీవీ వెనుక గాడులు తీసిన చెక్క ప్యానెళ్ళు, మాడ్యులర్ కిచెన్, పగలు సోఫాగా, రాత్రి మంచంగా మారే ఆసనం, గోడనిండా అద్దం, మూలన కుండీలో స్నేక్ ప్లాంటు, లేత గోధుమవన్నె గోడలు, జపాను, స్కాండినేవియా పద్ధతులను కలిపిన 'జపాండి' అనే నిరాడంబర శైలి. జాలీపని చేసిన తలుపులతో, వెనుక నుండి వెలుగు చిమ్మే పలకతో పూజామందిరం కూడ ఆ పట్టికలో ఒక వస్తువైనది.

ఇవన్నీ త్యాజ్యాలని చెప్పడం ధర్మం కాదు. గృహస్థు తన నివాసాన్ని శుచిగా, సుందరంగా ఉంచుకొనడాన్ని శాస్త్రం ఎన్నడూ నిందించలేదు. విచారించవలసినది ఒక్కటే: అలంకారమంటే ఏమి?

ఆ పదంలోనే సమాధానం ఉన్నది. 'అలం' అనే అవ్యయానికి 'కార'మనే ఉత్తరపదం చేరి అలంకారమైనది. అమరసింహుడు తన కోశంలో ఈ అవ్యయానికి నాలుగు అర్థాలు చెప్పినాడు: భూషణం, పర్యాప్తి, శక్తి, వారణం. భూషణమంటే అందం. పర్యాప్తి అంటే సరిపోవడం, చాలినంత కలగడం. శక్తి అంటే సామర్థ్యం. వారణమంటే నివారించడం, 'ఇక వద్దు' అనడం. వ్యాకరణం కూడ ఈ భేదాన్ని చూపుతుంది. చతుర్థీ విభక్తితో కూడినప్పుడు 'అలం' సామర్థ్యాన్ని చెబుతుంది. తృతీయతో కూడినప్పుడు 'ఇక చాలించు' అంటుంది. నేటి గృహాలంకారం ఈ నాలుగింటిలో మొదటిదానిని మాత్రమే పట్టుకొని మిగిలిన మూడింటినీ విడిచినది. చిన్న ఇంట ఊపిరాడకపోవడానికి మూలం అక్కడ ఉన్నది.

మొదట వారణం. 900 చదరపు అడుగుల ఇంటిలో స్థలం కొనగలిగినది కాదు, మిగుల్చుకొనవలసినది. వాస్తుశాస్త్రంలోని 81 పదాల మండలంలో నట్టనడుమ ఉన్న 9 పదాలు బ్రహ్మస్థానం. అక్కడ స్తంభం గానీ, బరువు గానీ ఉండరాదని సంప్రదాయం. అపార్టుమెంటులో దిక్కులన్నీ మన వశంలో ఉండవు. మెట్లు, వంటగది, స్నానాల గది కట్టినవారు నిర్ణయించినవే. కాని హాలు నడుమ ఏమీ పెట్టకుండుట మన వశంలోనే ఉన్నది. గాజుబల్లను అక్కడి నుండి తొలగిస్తే పిల్లలు కూర్చొని చదువుకొంటారు, పండుగనాడు పీట వేసి వ్రతం చేసుకొంటారు, బంధువులు వచ్చినప్పుడు పది విస్తళ్ళు పడతాయి. శూన్యంగా కనిపించే ఆ చోటే ఇంటిలో అత్యధికంగా ఉపయోగపడే చోటు.

గది విశాలంగా కనబడాలని గోడకు అద్దం అమర్చడం నేటి పద్ధతులలో ఒకటి. అది నిజంగానే పనిచేస్తుంది. కిటికీకి ఎదురుగా ఉన్న అద్దం వెలుతురును లోపలి మూలలకు పంపుతుంది. అయితే అద్దంలో కనిపించే సగంలో మంచం వేయలేము. శంకర భగవత్పాదులు దక్షిణామూర్తి స్తోత్రారంభంలోనే విశ్వాన్ని అద్దంలో కనిపించే నగరంతో పోల్చినారు. ఆ ఉపమానం తెలిసిన సాధకుడు అద్దాన్ని వెలుతురు కోసం వాడుకొంటాడు. దానిలోని వైశాల్యాన్ని నమ్మి సామాను కొనడు.

రెండవది పర్యాప్తి. యోగశాస్త్రం యమాలలో అపరిగ్రహాన్ని, నియమాలలో శౌచం వెంటనే సంతోషాన్ని చెప్పినది. ఇల్లు శుభ్రపడిన తరువాత పుట్టవలసినది సంతోషం, అనగా 'చాలు' అనే భావం. శ్రీమద్భాగవత సప్తమస్కంధంలో ధర్మరాజుకు గృహస్థధర్మం బోధిస్తూ నారదమహర్షి మరింత కఠినంగా చెప్పినాడు: దేహపోషణకు ఎంత అవసరమో అంతవరకే మనిషికి స్వత్వం, అంతకు మించినది నాదన్నవాడు చోరునితో సమానుడు. ఏకాదశస్కంధంలో అవధూత తన 24 మంది గురువులను యదుమహారాజుకు వర్ణించినాడు. వారిలో తేనెటీగ ఒకరు. అది కూడబెట్టినదానిని తేనె తీసేవాడు ఎత్తుకొనిపోతాడు. సర్పం మరొకరు, అది ఇల్లు కట్టుకొనే ప్రయాస లేకుండ, ఇతరులు కట్టిన పుట్టలో సుఖంగా ఉంటుంది. అద్దె ఫ్లాటులో నివసిస్తూ, సొంతిల్లు లేదని కుమిలేవారికి ఆ సర్పం నిజంగా గురువే. మేకు కొట్టడానికి యజమాని అనుమతించని గోడ కూడ ఒక రకమైన అపరిగ్రహ బోధ చేస్తుంది.

మూడవది శక్తి. ఇంటికి శక్తి అంటే ఏమి? అతిథి వస్తే చోటివ్వగలగడం, వృద్ధులను జారిపడకుండ కాపాడగలగడం, నిత్యకర్మకు అనువుగా ఉండడం. మెరిసే పలకరాతి నేల ఫోటోలో అందంగా ఉంటుంది. తడి పాదంతో నడిచే వృద్ధమాతకు అది ప్రమాదం. గరుకైన తాడిపత్రి బండ అంతగా మెరవదు, కాని పాదాన్ని పట్టి నిలుపుతుంది. పది అడుగుల ఎత్తున్న కప్పును ఫాల్స్ సీలింగుతో అరడుగు దించితే గది మరింత ఇరుకుగా అనిపిస్తుంది, పంకా నేలకు మరింత చేరువవుతుంది. వేసవి తీవ్రమైన ఈ సీమలో అది ఆలోచించవలసిన విషయం.

ఈ ప్రాంతపు ఒక కుటుంబంలో జరిగిన సంగతి ఇక్కడ చెప్పదగినది. కుమారుడు కొత్తగా ఫ్లాటు తీసుకొన్నాడు. పల్లెలోని మిద్దెలో ఒంటరిగా ఉండిన తల్లిని తీసుకొనివచ్చినాడు. అలంకార నిపుణుడు హాలులో మూడడుగుల వెడల్పున లామినేటు చెక్కతో పూజామందిరం అమర్చినాడు. వెనుక ఓంకారం వెలుగుతుంది, తలుపులకు చక్కని జాలీ. నూనెదీపం పెడితే పైచెక్క మసి పడుతుందని, నిప్పు కూడ ప్రమాదమేనని, విద్యుద్దీపం అమర్చి వెళ్ళినాడు. నిపుణుని మాటలో అసత్యం లేదు. ప్లైవుడు కింద జ్వాల పెట్టరాదు. తల్లి రెండు దినాలు ఏమీ అనలేదు. మూడవనాటి సంధ్యవేళ చేతిలో వత్తితో నిలబడి, "దేవునికి ఇల్లు కట్టినావు గానీ, దీపం యాడ పెట్టేది నాయనా?" అని అడిగినది.

ఆ ప్రశ్నకు ఇంటిలో వెంటనే సమాధానం దొరకలేదు. కోడలు ఫ్లాటుకు తీసుకొన్న ఋణాన్ని తలచినది. మందిరానికి ఖర్చైన సొమ్ము చిన్నది కాదు. కుమారుడు ప్రమాదాన్ని తలచినాడు. తల్లి మాత్రం ఆరు దశాబ్దాలుగా ఒక్క సాయంకాలం కూడ తప్పని కర్మను తలచినది. ముగ్గురి ఆలోచనలోనూ న్యాయమున్నది. చివరకు టీవీ గోడకు వేయించదలచిన ప్యానెళ్ళను మానుకొన్నారు. ఆ సొమ్ముతో మందిరం పక్కన, కిటికీకి సమీపంలో, గోడకు నల్లబండ పలక ఒకటి బిగించినారు. దానిపై చెక్క లేదు, తెర లేదు. కింద ఇత్తడి పళ్ళెం, పొగ పోవడానికి కిటికీ. మిద్దెలోని గూడే మరొక రూపంలో ఫ్లాటులోకి వచ్చినది. "అత్తా, ఇంక వెలిగించండి" అని కోడలే వత్తి అందించినది. ఇంటికి శక్తి వచ్చినది ఆ సాయంకాలమే.

నాలుగవది భూషణం. మిగిలిన మూడూ సిద్ధించిన తరువాత ఇది అనాయాసంగా వస్తుంది, స్వల్పంతోనే తృప్తినిస్తుంది. దూరం నుండి తెప్పించనక్కరలేదు. ఇదే జిల్లాలో ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. మేకతోలును పారదర్శకమయ్యేంత పలుచగా చేసి, రంధ్రాలు పొడిచి, రంగులద్ది, రామాయణ భారత పాత్రలను ఆడించిన వంశాలవి. ఆట చూసేవారు తగ్గిన తరువాత అదే తోలుతో దీపాలకు తొడుగులు చేయసాగినారు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించబడినది. అటువంటి దీపం ఒక్కటి గది మూలన ఉంటే గోడలకు వేరే చిత్రాలు అక్కరలేదు. పగలు చూస్తే అది రంగులద్దిన చర్మం. లోపల వెలుగు కలిగినప్పుడే అందులోని హనుమంతుడు ప్రాణంతో నిలుస్తాడు. దేహానికీ, అందులోని చైతన్యానికీ గల సంబంధాన్ని తలపించే బొమ్మ అది.

ఒక హెచ్చరిక అవసరం. దేవతామూర్తి అలంకార వస్తువు కాదు. చెప్పుల పెట్టెపై నటరాజస్వామి, స్నానాల గది గోడపై బుద్ధుని శిరస్సు, కాలిపట్టాపై గణపతి, ఇవి ఎక్కడ చూసి చేసినవైనా తగనివి. పూజించేదైతే పూజాస్థానంలో ఉంచవలెను. పూజించలేనిదైతే కంటి ఎత్తున, శుచియైన చోట గౌరవంగా ఉంచవలెను. రెండూ వీలు కానప్పుడు ఒక పూలతీగ చిత్రం చాలు. లేపాక్షి వీరభద్రాలయపు లతామంటపంలో స్తంభాలపై చెక్కిన అటువంటి లతలే చీరల అంచులకు సైతం ఎక్కినవి.

ఆలయ నిర్మాణంలోనే చిన్న ఇంటికి గొప్ప ఉపదేశం ఉన్నది. శిల్పులు తమ నైపుణ్యాన్ని గోపురంపై, స్తంభాలపై, మండపాల పైకప్పులపై వెచ్చించినారు. లోపలికి నడిచే కొద్దీ శిల్పం తగ్గుతుంది, వెలుతురు తగ్గుతుంది, స్థలం తగ్గుతుంది. అన్నిటికంటె చిన్నదీ, అన్నిటికంటె నిరాడంబరమైనదీ గర్భగృహం. అక్కడ ఉండేది మూర్తి, ఒక దీపం. ఆ ఇరుకు గది ముందు నిలబడినవాడెవ్వడూ స్థలం చాలలేదని చింతించడు. గృహం చిన్నదని దుఃఖించేవారు ఈ సత్యాన్ని మననం చేయవలెను.

ఈ సీమలోని పాత చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. ఒక చెరువు నిండితే దాని మరువ పారి, ఆ నీరు దిగువ చెరువుకు చేరేది. మరువ లేని చెరువుకు కట్ట తెగుతుంది. గృహానికీ మరువ కావలెను. పనికిరాక అటకపై చేరిన పరుపు, వాడని పాత్రలు, పిల్లలు విడిచిన పుస్తకాలు అవసరమున్న వారి ఇంటికి ప్రవహించవలెను. అలా ప్రవహించినంత మేర ఇంటిలో చోటు పుడుతుంది, ఆ చోటిలో అతిథికి ఆసనం దొరుకుతుంది. ఎంతవరకు నింపవలెనో, ఎక్కడ మరువ కట్టవలెనో ఎరిగిన గృహస్థునికి 'అలం' అన్న మాట అవగతమైనట్లే.

స్వస్తి.