తొమ్మిదివందల పదిహేడు బంతులు

రండి, ఇలా మంట దగ్గరికి జరగండి. మా అవనిగడ్డలో ధనుర్మాసం రాత్రులు గాలి ఒక్క వైపు నుంచి రాదు. కాసేపు కృష్ణ మీంచి, కాసేపు సముద్రం మీంచి కొడుతుంది. దుప్పటి కప్పుకుని కూర్చోండి, ఒక మనిషి గురించి చెప్పాలి.

ఆయన కంటే ముందు మా వీధి కుర్రాడి సంగతి. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని భుజానికి కొబ్బరినూనె మర్దనా చేయించుకుంటున్నాడు. "ఏమైందిరా?" అంటే, "పొద్దున కోడూరు వాళ్ళకు వేశాను బాబాయ్, రేపు నాగాయలంక వాళ్ళు రమ్మన్నారు" అన్నాడు. సంక్రాంతి టోర్నమెంట్ల రోజులు కదా. పొలాల్లో మినుము మొలకెత్తింది గనక ఆటంతా హైస్కూలు గ్రౌండుల్లోనే. వీడి సొంత జట్టు మొదటి రోజే ఓడిపోయింది. బంతి బాగా వేస్తాడని పక్కూళ్ళ వాళ్ళు పిలుచుకుంటున్నారు. దారి ఖర్చులు, భోజనం, గెలిస్తే చేతిలో ఎంతో కొంత.

కంట్రాక్టు నాటకాలు చూసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు ఇంకో ఊరి నుంచి, హార్మోనిస్టు మరో ఊరి నుంచి వచ్చేవాళ్ళు. రంగు పూసుకునేటప్పుడు పలకరించుకుని, తెల్లవార్లూ ఒక ఇంట్లో పెరిగిన వాళ్ళలా పద్యాలు అందుకునేవాళ్ళు. పిలిచిన ఊరి కోసం గొంతు అరగదీసుకున్న మనుషులు వాళ్ళు. నాకు వాళ్ళంటే ప్రాణం.

అమెరికా వాళ్ళ బేస్‌బాల్‌లోనూ ఇలాంటి బతుకుంది. అక్కడ బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. మన పిచ్ 66 అడుగులైతే వాళ్ళది అరవై అడుగుల ఆరంగుళాలు. బంతి నేలకు తగలకూడదు, విసిరినప్పుడల్లా మోచెయ్యి మీద చాలా భారం పడుతుంది. అందుకే ఈ రోజుల్లో వంద బంతులు దాటుతున్నాయంటే చాలు, మరొకణ్ణి దింపేస్తారు. ఆ చేతికి మళ్ళీ నాలుగైదు రోజులు విశ్రాంతి. ఎడ్విన్ జాక్సన్ అనే పిచర్ 2003 నుంచి 2019 దాకా 14 జట్లకు ఆడాడు. అప్పటికి అన్ని జట్లు మారినవాడు అక్కడి పెద్ద లీగులో ఇంకొకడు లేడు. 2011లో ఒకసారి పొద్దున షికాగో ఆటగాడు, మధ్యలో టొరంటో ఆటగాడు, అదే రోజు సెయింట్ లూయిస్ ఆటగాడు! ఆ ఏడాది ఆ సెయింట్ లూయిసే ఛాంపియన్. అంతకు ముందు ఏడాది అరిజోనా తరఫున 149 బంతులు విసిరి, అవతలి జట్టుకు ఒక్క హిట్టూ ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. మొత్తం మీద గెలిచినవి 107, ఓడినవి 133. ఓటములే ఎక్కువైనా పదిహేడేళ్ళపాటు ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు. ఆ పిలుపు ఊరికే రాదండీ.

ఇక మన మనిషి. సి.కె. నాయుడు పేరు మీరు వినే ఉంటారు, భారత టెస్టు జట్టు తొలి కెప్టెన్. నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. వాళ్ళ పెద్దలది మన బందరేనని చెప్పుకుంటారు. ఆయన తమ్ముడే నేను చెప్పే సి.ఎస్. నాయుడు, పూర్తి పేరు కొఠారి సుబ్బన్న నాయుడు. అన్నకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. 1934లో కలకత్తాలో తొలి టెస్టు ఆడారు, కెప్టెన్ అన్నగారే. లెగ్ బ్రేక్, గూగ్లీ వేసేవారు.

పదకొండు టెస్టుల్లో ఆయనకు దక్కినవి రెండే వికెట్లు. ఆ రెంటికి 359 పరుగులిచ్చారు. పుస్తకాల్లో ఎవరైనా ఆయన్ని ఆ అంకెతోనే తేల్చేస్తే నాకు బాధేస్తుంది. ఫస్ట్ క్లాస్ ఆటలో ఆయన తీసినవి 647. సెంట్రల్ ఇండియా, బరోడా, హోల్కర్, బెంగాల్, ఆంధ్ర, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్... ఇన్ని జట్లకు ఆడారు. ఆ కాలంలో క్రికెట్‌ని పోషించింది ఎక్కువగా సంస్థానాలే. ఆటగాడికి కొలువూ, జీతమూ దర్బారు నుంచే. సి.కె. పేరు ముందున్న కల్నల్ హోదా కూడా హోల్కర్ సైన్యం ఇచ్చిందే. సి.ఎస్. 1942-43లో బరోడాకు ఆడి, ఒక్క రంజీ సీజన్‌లో నలభై వికెట్లు తీసిన మొదటి బౌలర్ అయ్యారు, కప్పూ బరోడాకే వచ్చింది.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది 1945 మార్చి సంగతి. బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో రంజీ ఫైనల్, హోల్కర్‌కీ బొంబాయికీ. హోల్కర్ కెప్టెన్ అన్నగారు, నలభై తొమ్మిదేళ్ళ సి.కె. బొంబాయి మొదటిసారి 462 కొట్టింది. సి.ఎస్. 64 ఓవర్ల 5 బంతులు వేసి ఆరుగురిని పడగొట్టారు. హోల్కర్ 360కి ఆలౌటయింది. బొంబాయి మళ్ళీ దిగి 764 కొట్టింది. విజయ్ మర్చంట్ ఒక్కరే 278. ఆ ఎండలో సి.ఎస్. మళ్ళీ 88 ఓవర్లు వేశారు, ఐదు వికెట్లు తీశారు. కూడితే 917 బంతులు. ఒకే ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లో అన్ని బంతులు వేసిన మనిషి ప్రపంచంలో మరొకరు లేరు. 428 పరుగులిచ్చారని కూడా రికార్డుల్లో ఉంది. రాసుకోనివ్వండి. తొమ్మిది వందలసార్లు మణికట్టు తిప్పితే వేలి పక్క చర్మం ఏమవుతుందో, రెండో ఇన్నింగ్స్‌లో నాలుగొందల బంతులు దాటాక కూడా బంతి ఇలా ఇవ్వమని చెయ్యి చాచడమంటే ఏమిటో ఆ లెక్కలో ఉండదు.

యుద్ధం పని మీద మన దేశంలో ఉన్న ఇంగ్లండ్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కర్ తరఫున చివరి దాకా నిలబడి 249 చేశాడు. అయినా 374 పరుగుల తేడాతో ఓడిపోయారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. కెప్టెన్ 58 ఏళ్ళ సి.కె. తమ్ముడూ ఆంధ్రకు ఆడారు. నలభై దాటాక కూడా పిలిచిన చోటికల్లా వెళ్ళి బంతి తిప్పారు. 2002లో ఇండోర్‌లో కన్నుమూశారు.

ఇదంతా నిన్న అరుగు మీద మా కుర్రాడికి చెప్పాను. నూనె రాస్తున్న తమ్ముణ్ణి ఆగమని విన్నాడు. ఓడిపోయారని చెప్పినప్పుడు ఏమీ అనలేదు. వికెట్లెన్ని అంటే, "పదకొండు" అన్నాను. కుడి చెయ్యి పైకెత్తబోయి, సగంలో ఆపి, నొప్పికి పళ్ళు బిగించాడు. తర్వాత అడిగాడు: "మర్నాడు ఆయనకి చెయ్యి లేచిందా బాబాయ్?"