చంద్రతాల్ ఒడ్డున

చక్రవాకమును మేము కావ్యములందు చదివితిమే గాని కన్నులార చూచి యెరుగము. రాత్రియైనంతనే జంట విడిపోయి విలపించునని కవులు చెప్పుదురు. చంద్రతాల్ ఒడ్డున గడ్డిలో మేయుచున్న జంటయందు మాత్రము విరహపు జాడ యేమియు కానరాలేదు.

ఈ సరస్సు హిమాచల ప్రదేశమందలి స్పితి సీమలో, సుమారు 4,300 మీటర్ల యెత్తున నున్నది. నెలవంక రూపమే దాని పేరునకు కారణము. ఇరానులోని రామ్‌సార్ పట్టణమున 1971లో కుదిరిన ఒడంబడిక ననుసరించి, 2005లో ఇది ముఖ్యమైన చిత్తడినేలల పట్టికలో చేరినది. పట్టికకెక్కిన నేల 49 హెక్టార్లు మాత్రమే. 2020లో అటల్ సొరంగము తెరచినది మొదలు మనాలినుండి త్రోవ సులభమైనదందురు. రోహ్‌తాంగ్ కనుమ తప్పిన మాట నిజమే. తరువాతి రాళ్లబాట మాత్రము మా యెముకల నన్నిటిని లెక్కపెట్టినది.

దసరా సెలవులలో మావారితో బయలుదేరునపుడు మా యమ్మ పసుపు కుంకుమల పొట్లమొకటి చేతబెట్టి, "చంద్రభాగ నీట విడువుము, అమ్మాయీ" యనెను. ఆమె మోకాళ్లు మేడమెట్లయిన నెక్కనీయవు. ఈ సరస్సు నీరు చంద్రానదిలో కలియును. తాండీకడ భాగానదిని గూడి యా చంద్రయే చంద్రభాగ యగును. కావున ఇచ్చటనే విడువ నెంచితిమి.

పొట్లము విప్పబోవుచుండగా కాపలా కుర్రవాడొకడు పరుగెత్తివచ్చి, "దీదీ, నీటిలో ఏమియు వేయవలదు" అని హిందీలో అడ్డగించెను. పసుపు మలినమా? మాకు మిక్కిలి కోపము వచ్చినది. అతడు వాదింపక, మమ్ము కొంచెము దూరము తీసికొనిపోయి, రాళ్లనడుమ చిక్కిన పూలదండలను, అగరువత్తుల పెట్టెలను, నూనె ప్రమిదలను చూపెను. ఆ చలికి ఏదియు త్వరగా మురుగదట. నేలయు నంతే. మంచులేని నెలలు కొన్నియే. డేరాలక్రింద నలిగిన గడ్డి మరల తేరుకొనుట కష్టము. అందుచేతనే డేరాలను సరస్సునకు దూరముగా తరలించిరి.

ధర్మరాజు ఇంద్రుని రథమెక్కినది ఇచ్చటనేనని కూడ అతడు చెప్పెను. మహాప్రస్థానిక పర్వమున ఈ పేరు మాకు కనబడలేదు. ఐనను వాదింప మనసొప్పలేదు. పొట్లమును మరల కొంగున ముడివేసికొంటిమి.

ఇల్లు చేరగానే అమ్మ అడిగిన మొదటి మాట, "విడిచితివా?" అని. జరిగినది జరిగినట్లు చెప్పితిమి. ఆమె పొట్లమును దేవుని గూటిలో పెట్టి, ఆ రాత్రి సగమన్నమే తిన్నది. మరునాడు చక్రవాకముల సంగతి మాత్రము రెండుమార్లు చెప్పించుకొన్నది.