పదింటికే మంగళం

మా ఊళ్ళో అరవై దాటిన పెద్దమనిషి రాత్రి రెండింటికి పందిట్లో చాప మీద కూర్చుని, కాటి సీనులో పద్యం అవ్వగానే లేచి "వన్స్ మోర్" అని కేక పెడితే ఆయన్ని రసికుడంటారు. అదే నలభై నాలుగేళ్ళవాడు టిక్కెట్టు కొనుక్కుని ముంబై వెళ్ళి, ఓ మైదానంలో నిలబడి గిటార్లు వింటానంటే మాత్రం "ఈ వయసులో ఇదేం పిచ్చి" అంటారు. ఆ రెండోవాణ్ణి నేనే లెండి. అన్నవాళ్ళలో మా ఆవిడ, మా తమ్ముడు, ఆఫీసులో నా టీములోని కుర్రాళ్ళు అందరూ ఉన్నారు. తేడా సంగీతంలో ఉందా, వయసులో ఉందా అనడిగితే మాత్రం ఎవరూ తేల్చి చెప్పరు.

మాది మండపేట. తెలియనివాళ్ళకి తాపేశ్వరం కాజా పక్కూరు అని చెప్తే ఠక్కున తెలిసిపోతుంది. రైసు మిల్లుల ఊరు. మా నాన్న అలాంటి మిల్లులోనే ముప్ఫై రెండేళ్ళు పనిచేశాడు. ఆయనకి రెండే వ్యసనాలు, కాఫీ, పద్యనాటకం. పీసపాటి కృష్ణుడు, డీవీ సుబ్బారావు హరిశ్చంద్రుడు, షణ్ముఖి ఆంజనేయరాజు పద్యాలు ఆయనకి పంచప్రాణాలు. చుట్టుపక్కల ఎక్కడ పందిరేసినా సైకిలు మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని వెళ్ళేవాడు. నేను రెండో అంకానికల్లా నిద్రపోయేవాణ్ణి. తెల్లారుజామున లేపి, "పద పద, అయిపోయింది" అనేవాడు. అంచేత ఆరుబయట సంగీతం, అర్ధరాత్రి జనం, దుమ్ము, మరమరాల పొట్లం ఇవేవీ నాకు ముంబైలో కొత్తగా తెలిసిన విషయాలు కావు.

సరే, అసలు విషయానికొస్తాను. 2023 జనవరి 28, 29 తేదీల్లో ముంబై మహాలక్ష్మి రేసుకోర్సులో లోలాపలూజా జరిగింది. అమెరికాలో 1991లో మొదలైన ఈ ఉత్సవం ఆసియాకి రావడం అదే మొదటిసారి. మొదటిరోజు పెద్ద పేరు ఇమాజిన్ డ్రాగన్స్, రెండోరోజు ద స్ట్రోక్స్. నేను వెళ్ళింది ఆ రెండో పేరు కోసం.

ఇండీ రాక్ అంటే ఏంటని అడిగేవాళ్ళుంటారు కాబట్టి చెప్తున్నాను. పెద్ద కంపెనీల చేతిలో పడకుండా చిన్న లేబుళ్ళ ద్వారా పాటలు వేసుకునేవాళ్ళ సంగీతానికి ఇండిపెండెంట్ అని పేరు, దాన్నే కుదించి ఇండీ అన్నారు. తర్వాత తర్వాత ఆ మాట ఒక రకం బాణీకి పేరైపోయింది. స్ట్రోక్స్ మొదటి రికార్డుని 2001 జనవరిలో లండన్లోని రఫ్ ట్రేడ్ అనే చిన్న లేబుల్ వేసింది. అదే ఏడు మొదటి ఆల్బమ్ 'ఈజ్ దిస్ ఇట్' అమెరికాలో ఆర్సీఏ అనే మహా పెద్ద కంపెనీ నుంచి వచ్చింది. అయినా ఇండీయే! మన స్టార్టప్పుని ఎవడో కొనేశాక కూడా మాది స్టార్టప్ కల్చరే అని చెప్పుకున్నట్టన్నమాట :-)

ఆ ఆల్బమ్ నాకు దొరికిన సమయం అలాంటిది. 2001 చివర్లో అమెరికా ప్రాజెక్టులు ఒక్కొక్కటీ ఆగిపోయి, హైదరాబాదులో ఏడు నెలలు బెంచి మీదున్నాను. పొద్దున్నే బ్యాడ్జీ వేసుకుని ఆఫీసుకెళ్ళడం, సాయంత్రం దాకా ఎవరూ పిలవకుండా కూర్చోవడం. ఆ బాధ పడ్డవాళ్ళకి వివరించక్కర్లేదు, పడనివాళ్ళకి వివరించినా తెలీదు. రూమ్మేటు ఎక్కణ్ణుంచో సీడీ కాపీ చేసి తెచ్చాడు. పాడేవాడి గొంతు పాత టెలిఫోన్లోంచి వస్తున్నట్టుంది. సీడీ పాడైందేమో అనుకున్నాం. చాలా ఏళ్ళకి తెలిసింది, ఆ గొంతుని కావాలనే ఓ చిన్న ప్రాక్టీసు ఆంప్లిఫయర్ గుండా పంపి రికార్డు చేశారని. న్యూయార్కు ట్విన్ టవర్స్ కూలాక ఆ ఆల్బమ్ అమెరికా సీడీలోంచి, అక్కడి పోలీసుల్ని ఎద్దేవా చేసిన పాట ఒకటి తీసేసి, ఇంకోటి పెట్టి, అక్టోబరులో విడుదల చేశారు. నన్ను బెంచెక్కించిన సంఘటనే వాళ్ళ పాటనీ దింపేసింది.

అప్పట్నుంచి ఇరవయ్యొక్క ఏళ్ళు నేను ఆ పాటలు విన్నది చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకునే. నాకు తెలిసిన తెలుగువాళ్ళలో వాటిని ఇష్టంగా వినేవాళ్ళు ముగ్గురు. ఇద్దరు అమెరికాలో ఉన్నారు, మూడోవాడు పెళ్ళయ్యాక మానేశాడు. ఇంట్లో పెడితే "ఆ గోల ఆపండి" అంటారు. ఒక మనిషి ఇరవయ్యేళ్ళు ఒక సంగీతాన్ని ప్రేమించి, పక్కన ఇంకో మనిషి తల ఊపగా ఒక్కసారీ చూడకపోవడం అనేది మా నాన్నకి చెప్తే నమ్మడు. ఆయనకి పద్యమంటేనే పదిమంది. ఒంటరిగా వినడం రేడియో పాడైపోయినంత దిగులు.

ఆ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చెప్పాను, ఇలా వెళ్తున్నానని. కొంచెం గట్టిగా చెప్పాలి, ఆయనకి చెవి మిషను పెట్టి అప్పటికి నాలుగు నెలలు.

"ఎవర్రా వచ్చేది?"

"న్యూయార్కు వాళ్ళు నాన్నా."

"మైకు సెట్టు ఎవరిది?"

చూశారా, అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. మా ఆఫీసులో ఒక్కడికీ తట్టలేదు. నాకూ తెలీదన్నాను.

"తెల్లారేదాకానా?"

"లేదు, పదింటికి ఆపేస్తారు."

"పదింటికా? పదింటికి గదరా హార్మోనీ ఆయన వచ్చేది!"

ఈ పదింటి సంగతి కాస్త చెప్పాలి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట మైకు వాడకూడదు. పండగలకీ, సాంస్కృతిక కార్యక్రమాలకీ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి పన్నెండు దాకా సడలించవచ్చు. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా సమర్థించింది. నేనా రూలుకి వ్యతిరేకిని కాదండోయ్. పరీక్షల ముందు రాత్రుళ్ళు గొట్టం మైకు కింద చదువుకున్నవాణ్ణి. కానీ తెల్లవార్లూ సాగే నాటకానికి దానివల్ల ఊపిరి ఆగిందన్నది కూడా నిజమే. అర్ధరాత్రి దాటాకే గొంతు పండుతుందని నాన్న అంటాడు. కోట్లు ఖర్చుపెట్టి ముంబైలో చేసే ఉత్సవానికీ, చందాలేసుకుని మా పేటలో చేసే నాటకానికీ ఒకటే రూలు. సమానత్వమంటే ఇదేనేమో!

ఇహ ముంబై. నాతోపాటు మా అక్క కూతురు వచ్చింది. పూణెలో ఉద్యోగం, ఇరవై మూడేళ్ళు. తనొచ్చింది జాక్సన్ వాంగ్ అనే హాంకాంగ్ కుర్రాడి కోసం. గేటు దగ్గర చేతికి పట్టీ కట్టారు. లోపల డబ్బులు చెల్లవు, ఆ పట్టీలో వేసుకున్న బ్యాలెన్సే డబ్బు. నాలుగు స్టేజీలు, రెండు రోజుల్లో నలభై పైచిలుకు బృందాలు. ఒక స్టేజీ మీద అవ్వగానే జనం ఇంకో స్టేజీకి వలస. మధ్యలో వన్స్ మోర్ అనే ప్రసక్తే లేదు, గడియారం ఒప్పుకోదు.

మా పందిట్లో పద్ధతి వేరు. ముందు చాపలు పెద్దలవి, పిల్లలు పక్కన, కుర్రాళ్ళు వెనకాల సైకిళ్ళ మీద. ఇక్కడ తలకిందులు. మిట్టమధ్యాహ్నం గేటు తియ్యగానే పరిగెత్తినవాళ్ళదే ముందు వరస. నాలాంటి నెరిసిన తలలన్నీ వెనక్కి, కంచె దగ్గరికి. "మావయ్యా, నువ్విక్కడే కూచో, నేను ముందుకెళ్ళొస్తా" అని మా మేనకోడలు నన్ను సామాన్లతో సహా అప్పజెప్పేసి పోయింది.

అయితే వయసు వల్ల వచ్చే తెలివి ఒకటుంటుంది. నాన్న ఎప్పుడూ మరీ ముందు కూర్చునేవాడు కాదు, హార్మోనియం ఏ పక్కనుంటే ఆ పక్కకి చేరేవాడు, శ్రుతి బాగా వినిపిస్తుందని. నేనూ అలాగే స్టేజీకి ఎదురుగా సౌండ్ ఇంజనీరు బల్ల ఎక్కడుందో వెతుక్కుని దాని వెనక నిలబడ్డాను. అతగాడు అక్కడ తన చెవితో వింటూ సరిచేస్తాడు కాబట్టి మైదానం మొత్తమ్మీద ధ్వని బాగుండేది అక్కడే. ముందు వరసలో వాళ్ళకి దక్కేది మొహాలు, నాకు దక్కింది పాట.

ఇంకో ముచ్చట. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. వంద మీటర్ల వెనకున్నవాడికి స్టేజీ శబ్దం దాదాపు 0.3 సెకన్లు ఆలస్యం. అందుకని మధ్యలో పెట్టిన స్పీకర్ల స్తంభాలకి సిగ్నల్ ని సరిగ్గా లెక్కకట్టి అంతే ఆలస్యంగా పంపిస్తారు, రెండూ ఒకేసారి చెవిని చేరేలా. మా ఊళ్ళో కొబ్బరిచెట్లకి కట్టిన గొట్టం మైకులకి ఈ లెక్కలేవీ లేవు. హరిశ్చంద్రుడు ప్రతి పద్యమూ రెండుసార్లు పాడేవాడు, ఒకటి స్టేజీ మీద, ఒకటి చెట్టు మీద.

చెవుల దగ్గరికొద్దాం, నాకసలు చెప్పాలనిపించింది ఇదే. వెళ్ళేముందు లెక్కలు చూశాను. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి ఎనిమిది గంటలు భరించవచ్చంటారు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్ళు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, అలా అలా 100కి వచ్చేసరికి పదిహేను నిమిషాలే. కచేరీల్లో శబ్దం సగటున 100 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. అంటే దాటకుండా ఉన్నా సరే, పదిహేను నిమిషాల కోటా వాడేసుకుని ఇంకో తొమ్మిది గంటలు అక్కడే నిలబడతామన్నమాట.

నాన్నకి ఈ పట్టిక ఎవరూ చూపించలేదు. మిల్లు ఆడుతుంటే పక్కమనిషితో సైగలు చేసి మాట్లాడేవాళ్ళు. ముప్ఫై రెండేళ్ళు అలా గడిపాక, మొదట పోయింది పైస్థాయి.  పద్యం కోసం బతికిన మనిషికి మిల్లు తీసుకెళ్ళింది పద్యాన్నే.

అంచేత నేను చెవుల్లో పెట్టుకునే ఫిల్టర్ బిరడాలు కొనుక్కుని వెళ్ళాను. దూదీ, స్పాంజీ పెడితే పైస్థాయి మొత్తం మూసుకుపోతుంది, ఇవైతే అన్ని స్థాయిల్నీ ఇంచుమించు ఒకేలా తగ్గిస్తాయి. పాట పాటలాగే ఉంటుంది, చిన్నదవుతుందంతే. మా మేనకోడలు చూసి పడీపడీ నవ్వింది. "కచేరీకొచ్చి చెవులు మూసుకునేవాణ్ణి నిన్నే చూశా మావయ్యా" అంది. రెండో జత ఇచ్చాను. "తాతయ్యకి పెళ్ళిలో మనమెంత అరవాల్సొచ్చిందో గుర్తుందా?" అన్నాను. ఇంకేం మాట్లాడకుండా పెట్టుకుంది.

స్ట్రోక్స్ వచ్చారు. పాడే జూలియన్ కాసాబ్లాంకాస్ 1978లో పుట్టాడు, నేనూ అంతే. ఆ వయసు అతని ఒంటి మీదా కనిపిస్తోంది, దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు. "మావయ్యా, ఈయనేంటి నిద్రలో లేచొచ్చినట్టు పాడతాడు?" అని మా మేనకోడలి వ్యాఖ్యానం. అదే అందం అని చెప్దామనుకుని ఊరుకున్నాను, చెప్తే అర్థమయ్యేది కాదు. మొదటి ఆల్బమ్ లోని పాట మొదలవగానే చుట్టూ జనం పాడటం మొదలెట్టారు. మాటలు కూడా కాదు, గిటారు వాయించే వరసని నోటితో పాడుతున్నారు! నేను బాత్రూములో, కారులో, ఎవరూ లేనప్పుడు పాడుకునే వరస అది. నా పక్కన బట్టతలాయన ఒకడు, వెలిసిపోయిన టీషర్టు, కళ్ళు మూసుకుని అదే పాడుతున్నాడు. మరాఠీవాడో గుజరాతీవాడో తెలీదు. నేనూ అందుకున్నాను. నా గొంతు నాకే వినపడలేదు, చెవుల్లో బిరడాలు, బయట వేలమంది. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి, తలొకసారి ఊపి, మళ్ళీ మూసుకున్నాడు. అంతే. ఇరవయ్యొక్క ఏళ్ళకి ఒక తల ఊపు.

రాత్రికి మంగళం పాడేశారు, లైట్లు వేసేశారు. మోకాళ్ళు మర్నాటి దాకా మాట వినలేదు.

ఫోన్లో నాన్నకి చెప్తే, మైకు సెట్టు బాగుందన్న మాట విని సంతోషించాడు. తర్వాత అన్నాడు, "నాకీ మిషను పెట్టాక మాటలు బానే వినపడుతున్నాయి గానీ, పద్యం పాడైపోయిందిరా. రాగం తీస్తంటే మధ్యలో కోసేస్తంది."

వారం రోజులు దాని వెనక పడ్డాను. చెవి మిషన్లు మనుషుల మాట కోసం చేసినవి. మిషను తనలో తాను కూ అని కూత పెట్టకుండా లోపల ఒక ప్రోగ్రాము కాపలా కాస్తుంటుంది. ఒకే స్థాయిలో సాగే స్వరం ఏదొచ్చినా దాన్ని కూతే అనుకుని నొక్కేస్తుంది. పద్యం చివర అరనిమిషం సాగే రాగం దాని కళ్ళకి బగ్గు. ఫాల్స్ పాజిటివ్ అంటే ఏంటో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు కదా. దానికితోడు పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్న శబ్దాన్ని పెంచి రెంటినీ ఒకే ఎత్తుకి తెస్తుంది. నటుడు ప్రాణం పెట్టి ఎత్తుకున్న చోటూ, తగ్గించుకున్న చోటూ ఒకటైపోతాయి. చాలా మిషన్లలో సంగీతానికి వేరే సెట్టింగు ఉంటుంది, అడిగితే పెడతారు, అడక్కపోతే లేదు.

ఫిబ్రవరిలో సెలవు పెట్టి వెళ్ళి, రాజమండ్రిలో చెవుల పరీక్ష చేసినాయన దగ్గరికి నాన్నని తీసుకెళ్ళాను. ఇరవై నిమిషాల పని. మాటలకి ఒకటి, పాటలకి ఒకటి, మిషను మీద చిన్న మీట నొక్కితే మారుతుంది. పోయిన పైస్థాయి పూర్తిగా రాదు, ఆ సంగతి ఆయన ముందే చెప్పాడు. తిరిగొస్తూ ద్వారపూడి దగ్గర కారాపి, ఫోన్లో పీసపాటి రాయబారం పెట్టాను. నాన్న మీట అటూ ఇటూ నాలుగుసార్లు నొక్కి చూసుకున్నాడు. పద్యం చివర రాగం సాగినంతసేపూ చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దన్నాడు.

"తెగట్లేదు," అన్నాడు. కాసేపాగి, "హార్మోనీ కొంచెం తక్కువైంది. మళ్ళీ పెట్టు."