ముందు మీరు...

అమెరికాలో పిల్లల దగ్గరికి బయల్దేరేటప్పుడు మనం ఆవకాయ సీసాకి నాలుగు పొరల గుడ్డ చుడతాం గాని, డ్రైవింగ్ లైసెన్సు మాత్రం బీరువాలోనే వదిలేస్తాం. "అక్కడ మనకి కారెందుకమ్మా!" అని. తీరా వెళ్ళాక, పిల్లలు ఆఫీసులకి పోతే, పాలడబ్బా కావాలన్నా శనివారం దాకా ఎదురుచూపులే.

మా అమ్మాయి ఉండేది కాలిఫోర్నియాలో. 18 ఏళ్ళు నిండిన సందర్శకులు తమ దేశపు లైసెన్సుతోనే అక్కడ కారు నడపవచ్చు. మన రవాణా కార్యాలయం ఏడాదికి ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్టు కూడా వెంట ఉంటే మంచిది. అన్ని రాష్ట్రాల్లోనూ ఇదే రూలు కాదు, ఎక్కడిదక్కడ కనుక్కోవాలి. కారు ఇన్సూరెన్సు మనకి వర్తిస్తుందో లేదో ముందే అడగాలి.

కుడివైపు నడపడం, మైళ్ళలో వేగం చూసుకోవడం నాలుగు రోజుల్లో అలవాటవుతాయి. 30 మైళ్ళంటే మన లెక్కలో 48 కిలోమీటర్లు. స్కూలు బస్సు ఎర్రదీపాలు మిణుకుమంటూ ఆగిందంటే, చిన్నరోడ్డు మీద వెనక వచ్చేవాళ్ళే కాదు, ఎదురొచ్చేవాళ్ళూ ఆగిపోవలసిందే. ఒక్క పసివాడు రోడ్డు దాటడానికి అన్ని కార్లు కదలకుండా నిలబడితే, చూసే తల్లికి కడుపు నిండిపోతుంది.

అసలు కష్టమంతా నాలుగు రోడ్ల కూడలి దగ్గరే. పోలీసు లేడు, సిగ్నలు లేదు. నాలుగువైపులా 'స్టాప్' అన్న పలకలే. ప్రతి బండీ పూర్తిగా ఆగాలి. ముందొచ్చినవాళ్ళు ముందు కదలాలి. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడిచేతివైపు వాళ్ళకి దారివ్వాలి.

"అమ్మా, ఇక్కడ నీ మర్యాదలు పనికిరావు. నీ వంతొస్తే నువ్వే కదలాలి. 'ముందు మీరు' అని చెయ్యి ఊపావంటే అవతలివాళ్ళకి తికమక. ఇద్దరూ ఒక్కసారే కదిలితే ప్రమాదం" అంది అమ్మాయి.

నవ్వాను గాని, మాట మనసులో గుచ్చుకుంది. భోజనంలో ఆఖరు, వేణ్ణీళ్ళకి ఆఖరు, పేపరు చేతికొచ్చేదీ ఆఖరే. 'నా వంతు' అన్న మాట మన నోటికి ఎప్పుడైనా అలవాటైందా చెప్పండి? ఆగడం ఎంత ధర్మమో, వంతొచ్చాక కదలడమూ అంతే ధర్మమని ఏ అత్తగారూ, ఏ అమ్మా మనకి చెప్పలేదు.

మర్నాడు కూడలిలో నేనాగిన క్షణానే ఎడమవైపు ఓ పెద్ద ట్రక్కు వచ్చి ఆగింది. కుడివైపున ఉన్నది నేను.

"పోనీలే, వాణ్ణి ముందు పోనీ" అన్నారు మావారు.

ట్రక్కు కదలటం లేదని మరోసారి చూసుకున్నాను. నా కారే ముందు కదిలింది.