సోడియం దీపం ముందు

సికింద్రాబాద్‌లో బీఎస్సీ చివరి ఏడాది. ల్యాబ్ చీకటి గదిలో స్పెక్ట్రోమీటర్‌కు కన్ను ఆనించి కూర్చున్న ఆ మధ్యాహ్నం నన్నింకా వదల్లేదు. దూరదర్శినిని మెల్లగా జరుపుతూ పోతే, గ్రేటింగ్ రెండో ఆర్డర్‌లో పసుపు గీత రెండుగా విడిపోయింది. 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆరంటే ఆరే తేడా! ఎలక్ట్రాన్‌కు స్పిన్ ఉందని, గీత ఇలా చీలేది దానివల్లేనని క్వాంటం మెకానిక్స్ నోట్సులో ఎప్పుడో రాసుకున్నాను. నమ్మింది మాత్రం ఆ జంట గీతల్ని చూశాకే.

మన నిజాం కాలేజీలో చదివిన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం 1928లో కలకత్తా వెళ్లి సి.వి.రామన్ దగ్గర చేరారు. ఆయనా ఇలాగే చీకట్లో వెలుగు గీతల కోసం కళ్లు చికిలించి ఉంటారనుకుంటే, ఎంత దగ్గరి మనిషిలా అనిపిస్తారో!

ఇప్పటికీ పప్పుచారు పొంగి పొయ్యి మీద పడి, నీలిమంట పసుపెక్కితే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతాను. ఉప్పులోని సోడియం. అవే రెండు గీతలు.