ఇండ్ల ముచ్చట్లు – 9: పుస్తకాల కోసం కట్టిన ఇల్లు



పోయిన భాగంల కిరాయి ఇండ్ల కథ చెప్పిన. "మీరేమిట్లు?" అనే ఒక్క ప్రశ్నతోని నా ముందట మూసుకున్న తలుపుల లెక్క చెప్పిన. ఆ పోస్టు కింద చాలామంది తమ లెక్కలు కూడా రాసిండ్రు. ఈసారి సొంతింటి ముచ్చట.

హైదరాబాద్ శివార్ల 120 గజాల జాగా, నెత్తి మీద బ్యాంకు లోను. మేస్త్రీ ముగ్గు పోస్తా, "సార్, దేవుని అర్ర ఈశాన్యంలనే కదా?" అన్నడు. "దేవుని అర్ర వద్దన్నా, ఆడ పుస్తకాలు పెట్టుకుంట" అన్న. మేస్త్రీ నవ్విండు. నా భార్య నవ్వలే. "దేవుడు లేకుంటే పాయె. పిల్లలిద్దరు యాడ పండాలె?" అన్నది.

జవాబు దొరకలే. ఆ రాత్రి దాదర్ యాదికొచ్చింది.

డిసెంబర్ 6కు చైత్యభూమికి పోయే మనోళ్లల్ల చాలామంది రాజగృహ కూడా చూసొస్తరు. నేనూ పోయిన. దాదర్ తూర్పున హిందూ కాలనీ. ఆ కాలనీల బాబాసాహెబ్ ఇల్లు.

ఆ కాలనీ ఎట్ల పుట్టిందో తెలిస్తేనే ఆ ఇల్లు అర్థమైతది. 1896ల బొంబాయిని ప్లేగు పట్టింది. 1898ల తెల్ల సర్కారు ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టింది. ఇరుకు బస్తీలు కూలగొట్టుడు, ఊరికి ఉత్తరాన దాదర్, మాటుంగల కొత్త ప్లాట్లు తీసుడు దాని పని. మొదటి ప్రపంచ యుద్ధం అయినంకనే ఆ శివార్ల ఇండ్లు జోరుగ లేచినయి. ఎవరి కాలనీ వాళ్లది. పార్సీ కాలనీ, హిందూ కాలనీ. మన ఊర్లల్ల వాడకట్టే సిమెంటు పూసుకొని పట్నం వచ్చిందన్నట్టు.

అదే ట్రస్టు కష్టజీవుల కోసం పరేల్‌ల చాళ్లు కట్టింది. చిన్న చిన్న అర్రలు. నల్లా, పాయఖానా అందరికీ కలిపే. బాబాసాహెబ్ కుటుంబం ఆ చాల్‌ల రెండో అంతస్తుల, ఎదురెదురు రెండర్రల్ల, ఇరవై ఏండ్లకు పైగా బతికింది. 1927ల మహాడ్ చెరువు నీళ్లు ముట్టినప్పుడు ఆయన అడ్రసు అదే. రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ పోయినప్పుడూ అదే.

పరేల్ నుంచి దాదర్‌కు రెండు మూడు కిలోమీటర్లు. ఆ దూరం దాటనీకె ఆయనకు రెండు డాక్టరేట్లు, ఒక బారిస్టర్ పట్టా కావాల్సొచ్చింది.

అంతకుముందు 1917 ఉంది. బరోడా సంస్థానంల పెద్ద నౌకరీ, ఉండనీకె మాత్రం ఇల్లు లేదు. రోజుకు రూపాయిన్నర ఇచ్చి పార్సీల సత్రంల దిగిండు. పదకొండో నాడు కట్టెలు పట్టుకొని డజను మంది వచ్చి ఎల్లగొట్టిండ్రు. ఇద్దరు దోస్తులను అడిగితే ఇద్దరూ ఏదో సాకు చెప్పిండ్రు. రైలు వేళ దాకా పబ్లిక్ తోటల కూసున్నడు. ఈ ముచ్చట ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ల రాసుకున్నడు. కిరాయి ఇల్లు దొరకని మనిషి సొంతిల్లు కడితే దాని గోడలు ఉత్త గోడలు కావు.

1930ల హిందూ కాలనీల రెండు ప్లాట్లు తీసుకున్నడు. 1931ల రాజగృహ పని మొదలైంది, 1933ల అయిపోయింది. పేరు మగధ రాజధానిది, బుద్ధుడు నడిచిన ఊరిది. బౌద్ధం తీసుకున్నది 1956ల. ఇరవై మూడేండ్ల ముందే ఇంటి పేరు దారి చూపింది. రెండో ఇంటి పేరు వింటే మన హైదరాబాదోళ్లు ఉలిక్కిపడాలె: చార్ మినార్! దాన్ని 1941ల అమ్మేసిండు. పుస్తకాల కోసం, అప్పులు తీర్చనీకె.

ఇప్పుడు రాజగృహ ప్లాను చూడుండ్రి. కింద మూడేసి అర్రల రెండు వాటాలు, కుటుంబానికి. పై అంతస్తు లైబ్రరీకి, ఆఫీసుకు. పుస్తకాలు యాభై వేలు దాటినయని చెప్తరు. మన తాతలను అక్షరానికి దూరం పెట్టిండ్రు కదా. ఆయన అక్షరాన్ని ఇంటి నెత్తి మీద కూసోబెట్టిండు.

ఇంకో ముచ్చట. 1935 అక్టోబర్‌ల, యేవలాల, హిందువుగ చావనని చెప్పిన మనిషి అప్పుడు ఉంటున్నది హిందూ కాలనీలనే. 1956 డిసెంబర్ 7న ఆయన చివరి ప్రయాణం ఆ ఇంటి నుంచే బయలెల్లింది.

అదే కాలంల మెరైన్ డ్రైవ్ పొంటి లేచిన ఆర్ట్ డెకో భవనాలను 2018ల యునెస్కో ప్రపంచ వారసత్వంల కలిపింది. మంచిదే. బొంబాయి కట్టుడుల మన తెలుగు కామాఠీల చెమట కూడా ఉంది, కామాఠీపురకు ఆ పేరొచ్చిందే వాళ్లతోని. కానీ ఏ వారసత్వ భవనం ముందట జనం చెప్పులిడిసి చేతులు జోడిస్తరు? ఏ భవనం ఇంకా కొందరికి కండ్లల్ల కారం కొడ్తది? 2020 జులై 7న రాజగృహ మీద పడి పూలకుండీలు పలగ్గొట్టిండ్రు, కిటికీ అద్దాలు పగిలినయి, సీసీ కెమెరా పాడైంది. పాతబడ్డ ఇంటి మీద ఎవరూ రాళ్లెయ్యరు. ఆ ఇల్లు ఇంకా మాట్లాడుతుంది గనుకనే ఏసిండ్రు.

ఇదంతా పొద్దుగాల నా భార్యకు చెప్పిన, గెలిచినట్టే అనుకున్న. ఆమె మొత్తం విని ఒక్క మాట అడిగింది: "మరి రమాబాయి?"

రమాబాయి ఆ ఇంట్ల ఎక్కువ కాలం ఉండలే. నలుగురు పసిపిల్లలను మట్టిల కలిపి, చాల్‌ల పస్తులుండి, ఇల్లు లేచినంక 1935 మే 27న కన్నుమూసింది. పై అంతస్తు గురించి పేజీలకు పేజీలు రాస్తం. ఆమె పస్తుల మీద ఆ పై అంతస్తు నిలబడ్డదని ఎన్నిసార్లు రాసినం? నేనైతే ఇదే మొదటిసారి.

మేస్త్రీకి ఫోన్ చేసిన. ఈశాన్యపు అర్రల మూడు గోడలకు అల్మార్లు, నాలుగో గోడ పొంటి పిల్లల మంచాలు. పుస్తకాల నడుమనే పండుతరు. గేటు మీద ఏం పేరు రాయాల్నో ఆమెనే చెప్పింది: "రమాయి ఇల్లు."

స్లాబు నాడు పిలుస్త. అందరు రాండ్రి. ఎవరేమిట్లో అడగం.

జై భీమ్.
(ఇంకా ఉంది)