చిన్న రైలుకి ఎంత గొంతుండాలి?

ఏవండీ, రైలు కూత విని ఎన్నాళ్లయింది? మా కాకినాడలో ఆ కొదవ లేదు లెండి. గౌతమి ఎక్స్‌ప్రెస్ బయల్దేరిందంటే టౌన్ స్టేషన్ చుట్టుపక్కల వీధులన్నిటికీ తెలుస్తుంది. ఇప్పుడు నేను ఎత్తుకున్నది మాత్రం ఇంట్లో బల్ల మీద తిరిగే రైలు సంగతి.

ఈ సరదా ఉన్నవాళ్లు ఎక్కువగా కొనేది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు రైలులో 87వ వంతు. ఇంజన్లో గోరంత స్పీకరు, దాన్ని పలికించే ఓ చిప్పు. వాల్యూమ్ చివరికంటా తిప్పితేనే మజా అంటారు కొందరు. నేనొప్పుకోనండీ. బల్లకి మీటరు దూరంలో నిలబడ్డారంటే, ఆ రైలు లోకంలో మీరు 87 మీటర్ల అవతల ఉన్నట్టు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. పది మీటర్ల దగ్గర విన్న ఇంజనుకీ, ఎనభై మీటర్ల నుంచి విన్నదానికీ 18 డెసిబెల్స్ తేడా! పక్కగదిలోవాళ్లు తలుపేసుకున్నారంటే మీ రైలు అరుస్తున్నట్టే.

ఎంత చప్పుడన్నది సరే, ఎలాంటి చప్పుడన్నదే అసలు పేచీ. పాత ఆల్కో డీజిలు, డబ్ల్యూడీఎం-2 గుర్తుందా? పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవరు. ఊరికే నిలబడినా ప్లాట్‌ఫారం అదిరేది. దూరం పోయేకొద్దీ సన్న స్వరాలు గాల్లో కలిసిపోయి ఆ గుడగుడే మిగులుతుంది. గోరంత స్పీకరుకి చేతకానిది సరిగ్గా అదే. దానికొచ్చేది కీచుమనడం, వాల్యూమ్ పెంచితే పెరిగేదీ ఆ కీచే. అందుకే తెలిసినవాళ్లు బల్ల కింద ఓ పెద్ద స్పీకరు దాచి, గుడగుడని దానికి అప్పగిస్తారు. మంద్ర స్వరం ఎటునుంచి వస్తోందో చెవి అంత తేలిగ్గా పసిగట్టలేదు మరి.

కాలాన్ని మాత్రం కుదించే పని లేదు. 13 మీటర్ల పట్టా బల్ల మీద 15 సెంటీమీటర్లవుతుంది. వేగాన్నీ అదే వంతున తగ్గిస్తే, గంటకి 60 కిలోమీటర్ల రైలు అతుకు నుంచి అతుక్కి తీసుకునే ముప్పావు సెకను అలాగే ఉంటుంది. ఇప్పుడు వెల్డింగు పట్టాలొచ్చి ఆ టకటక సన్నగిల్లింది. మీ బల్ల మీద నడిచేది ఏ కాలమో ముందే తేల్చుకోండి.

నన్నడిగితే మా కాకినాడ-కోటిపల్లి లైను కట్టుకోండంటాను. 1940లో యుద్ధకాలంలో పట్టాలు పీకేస్తే, 2004లో గాని మళ్లీ రైలు రాలేదు. దాని మీద రైలుబస్సు నడిచేది. ఒక్కటే పెట్టె, చిన్న డీజిలు. గోరంత స్పీకరుకి అంతకంటే తగిన బండి ఏముంది? ఇక కొబ్బరిచెట్లు ఎన్ని నాటాలన్నది మీరూ మీ ఆవిడా తేల్చుకోవాలి.